పెట్రోలా, డీజిలా: లీజు కాగితం మీద సంతకం పెట్టేముందు

చిరంజీవి చిన్నికి,

అమ్మ ఆశీస్సులు. ఆఫీసు ద్వారా తీసుకునే కారు కోసం నువ్వు పంపిన రెండు లీజు కొటేషన్లూ చూశాను. ఒకటి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ పెట్రోలు, రెండోది టాటా ఆల్ట్రోజ్ డీజిల్. మైలేజీ ఎక్కువ ఇస్తుందని డీజిల్ వైపు మొగ్గుతున్నావు. మైలేజీ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు రోజూ తిరిగే దారిలో ఇంజిను ఎంతసేపు బాగా వేడెక్కి పరుగెడుతుందో అది ముందు చూడు.

బెంగళూరులో మారతహళ్ళి నుంచి బెళ్ళందూరు ఆఫీసుకి ఏడు కిలోమీటర్లు. అవుటర్ రింగ్ రోడ్డు మీద పొద్దున పూట అదే ముప్పావుగంట. డీజిల్ బండి పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది. మసి బయటికి పోకుండా అది పట్టుకుంటుంది, నిండుతున్నప్పుడు ఆ మసిని కాల్చేసుకుంటుంది. అలా కాలాలంటే లోపల సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి నిలవాలంటే గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగంతో పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా నడపాలి. నీ దారిలో ఆ అవకాశం ఎక్కడుంది?

కాలడం మొదలయ్యాక ఆఫీసు వచ్చిందని బండి ఆపేస్తే పని సగంలో ఆగిపోతుంది. మసిని కాల్చడానికి ఇంజిను అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండరు గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తుంది. ఇలా పదే పదే జరిగితే డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ మట్టం పెరుగుతూ కనిపిస్తుంది. ఆయిల్ పెరిగిందని సంతోషపడకూడదు, అది పలచబడిందని అర్థం. ఇంజినులోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో బేరింగులకి అంతకంటే చెడ్డది లేదు. బండి ఆపాక కూడా ఫ్యాను గట్టిగా తిరగడం, బండి నిలిచి ఉండగా (ఐడ్లింగులో) ఇంజిను తిరిగే వేగం, అంటే ఆర్‌పీఎం, కాస్త ఎక్కువగా నిలబడటం, కాలిన వాసన, ఇవన్నీ లోపల మసి కాలుతోందని చెప్పే గుర్తులు. అప్పుడు వీలైతే ఆపకుండా ఇంకాస్త నడపాలి. డీపీఎఫ్ దీపం వెలిగితే ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కమని చాలామంది అంటారు. దాని పొడవు దాదాపు పది కిలోమీటర్లే, 60లో వెళ్తే పది నిమిషాల్లో అయిపోతుంది. దిగకుండా అత్తిబెలె దాకా పోయి రావాలి, అదీ తెల్లవారుజామున. వాడకం వల్లే జల్లెడ మూసుకుపోయిందని తేలితే వారంటీ ఒప్పుకోకపోవచ్చు. బండి లీజు కంపెనీదే అయినా ఆ బిల్లు నీ మీదే పడొచ్చు.

ఇక డబ్బు లెక్క. ఆఫీసు రాకపోకలు ఏడాదికి సుమారు 3,700 కిలోమీటర్లు. నెలకోసారి అనంతపురం వచ్చిపోతే 5,000. ఇతర తిరుగుళ్ళు కలిపి 10,000 అనుకో. పెట్రోలు టర్బో సగటున లీటరుకి 13, డీజిల్ 18 ఇస్తాయనుకుందాం. పెట్రోలు లీటరు 103, డీజిల్ 91 వేసుకుంటే ఏడాదికి 79,000, 50,500 వస్తాయి. తేడా నెలకి 2,400 దాకా. బంకు బోర్డు మారితే నువ్వే మళ్ళీ వేసుకో. ఇది చిన్న మొత్తమేమీ కాదు, కాదనను. కానీ ఆ డీజిల్ సగటు అనంతపురం రోడ్డు పుణ్యమే. రింగ్ రోడ్డు మీద అంత రాదు.

పైగా నువ్వు అడిగింది చురుకైన బండి. ఆల్ట్రోజ్ 1.5 డీజిల్‌కి 90 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), ఐదు గేర్లు. హైవే మీద గేరు మార్చకుండానే లాగుతుంది, చాలా మంచి ఇంజిను. ఎన్ లైన్ ఒక లీటరు టర్బోకి 120 హార్స్‌పవర్, 172 న్యూటన్ మీటర్లు. డీజిల్ ఇంజిను బరువెక్కువ, మలుపుల్లో ముక్కు దగ్గర ఆ బరువు తెలుస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీడీఐ లాంటి హుషారైన డీజిల్ హ్యాచ్‌బ్యాకులు 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో పోయాయి. ఐ20 డీజిల్ 2023లో ఆగిపోయింది.

పెట్రోలు బండికీ ఇబ్బందులు లేకపోలేదు. ఎన్ లైన్‌లో డీసీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి పొడి క్లచ్‌లు ఉంటాయి. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుపుతూ, ఫ్లైఓవర్ ఎత్తు మీద యాక్సిలరేటరుతోనే బండిని నిలబెడితే అవి వేడెక్కిపోతాయి. ముందు బండి కాస్త దూరం పోనిచ్చి ఒకేసారి కదులు. నిలబెట్టడానికి బ్రేకే వాడు. వేడి హెచ్చరిక వస్తే పక్కకి ఆపి గేరు లివర్‌ని ‘పి’ (పార్క్)లో పెట్టు. ఆరు గేర్ల మాన్యువల్ తీసుకుంటే ఈ బాధ లేదు, కాకపోతే ఎడమకాలికి పని. మాన్యువల్‌లో ఒక జాగ్రత్త ఉంది: ఆర్‌పీఎం బాగా తక్కువగా ఉన్నప్పుడు పై గేరులో గట్టిగా తొక్కకు, కింది గేరు వెయ్యి. టర్బో పెట్రోలు ఇంజినులో ఆ అలవాటు పిస్టన్లను దెబ్బతీస్తుంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ, అందుకే ఈ20తో, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో, మైలేజీ కాస్త పడుతుంది. నేను 13 వేసింది అందుకే.

పన్ను వైపు రెండింటికీ తేడా లేదు. ఆఫీసు ఇచ్చే కారు సదుపాయం మీద పన్ను (పెర్క్విజిట్) లెక్కలో హద్దు 1.6 లీటర్ల ఇంజిను, రెండూ దానికి లోపలే. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు 1,200 సీసీ, డీజిల్ 1,500 సీసీ దాటలేదు కాబట్టి 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండింటికీ జీఎస్టీ 18 శాతమే.

లీజు కాగితంలో మాత్రం ప్రతి లైనూ చదువు. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు, దాటితే కిలోమీటరుకి ఎంత? 12, 24, 36 నెలల్లో ఉద్యోగం మారితే లీజు మధ్యలో ముగించినందుకు కట్టాల్సిన ఫోర్‌క్లోజర్ సొమ్ము ఎంత? చివర్లో నువ్వే కొనుక్కోవాలంటే రెసిడ్యువల్ వాల్యూ, అంటే అప్పటికి బండికి మిగిలే ధర, ఎంత? ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకో. కేఏ (కర్ణాటక) రిజిస్ట్రేషనే అని ఖాయం చేసుకో. ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల అరుగుదల కోసి ఇవ్వకుండా క్లెయిమ్ చెల్లించే కవర్) ఉందో లేదో చూడు, అల్లాయ్ వీల్స్ గీతలకి తిరిగి ఇచ్చేటప్పుడు కోత ఉందేమో అడుగు. పవర్ పెంచడానికి ఇంజిను కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చే ఈసీయూ రీమ్యాప్ జోలికి పోకు, అటు వారంటీ పోతుంది, ఇటు ఒప్పందమూ తప్పినట్టవుతుంది.

నా మాట ఎన్ లైన్ మాన్యువల్. నీ ఆఫీసు హోసూరు వైపు మారి రోజూ అరవై కిలోమీటర్లు తెరిపి రోడ్డు మీద తిరిగే పనైతే డీజిల్‌నే తీసుకోమనేదాన్ని. ఫోర్‌క్లోజర్ పట్టిక రాగానే నాకు పంపు. అది చూశాకే సంతకం పెడుదువు గాని.

మీ అమ్మ