సీసా నిండితే లీటరు అయిపోదండీ

ఎడిటర్ గారికి నమస్తే. పోయిన ఆదివారం మీ పేపర్లో గానుగ నూనె గురించి రాశారు, బాగుంది, మా ఇంట్లో అందరం చదివాం. కానీ ధరలు ఇచ్చిన చోట అది లీటరు ధరా కిలో ధరా అన్నది మాత్రం ఎక్కడా లేదు. చిన్న విషయమేగా అనుకుంటారేమో, నాకు ఈ మధ్యే జరిగింది కాబట్టి రాస్తున్నా.

మేముండేది చెన్నైలో, పెరంబూర్ వైపు. ఇక్కడ గానుగని చెక్కు అంటారు, వీధికో చెక్కు నూనె షాపు వచ్చింది ఇప్పుడు. ప్లాస్టిక్ డబ్బాలో పోయించుకోవడం ఇష్టం లేక ఇంట్లో ఉన్న పాత స్క్వాష్ గాజు సీసా కడిగి ఆరబెట్టి తీసుకెళ్లా, లేబుల్ ఎప్పుడో ఊడిపోయింది. షాపు అబ్బాయి గరాటా పెట్టి మెడ దాకా వేరుశెనగ నూనె పోసి లీటరు డబ్బులు తీసుకున్నాడు. ఇది లీటరు పడుతుందా బాబూ అంటే "కరెక్టా ఇరుక్కు అక్కా" (సరిగ్గా ఉందక్కా) అన్నాడు. సరే అని వచ్చేశా.

ఇంటికొచ్చాక మా ఆయన చూసి ఇది లీటరు సీసాలా లేదే అన్నారు. పక్కన లీటరు వాటర్ బాటిల్ పెట్టి చూస్తే ఎత్తు ఇదే ఎక్కువ, మరి ఎవరిది రైటు? మా అమ్మాయి పదో క్లాసు, నేను లెక్కేస్తా అని టేపు తెచ్చింది. నూనె వేరే గిన్నెలోకి వంచి సీసా కడిగి సగం దాకా నీళ్లు పోసింది. మెడ దగ్గర వంపు ఉంటుంది కదా, అక్కడ స్థూపం ఫార్ములా పనిచేయదు, అందుకని ఒక ఉపాయం ఉందట. నిలబెట్టినప్పుడు అడుగు నుంచి నీళ్ల ఎత్తు కొలవాలి, మూత బిగించి తలకిందులు చేసి ఈసారి పైన ఖాళీ ఎత్తు కొలవాలి, రెండూ కలిపితే మెడ ఊసే లేకుండా సీసా మొత్తం ఒకే తిన్నని గొట్టం అయినట్టు లెక్క. నాకైతే భలే నచ్చింది. 9.5, 9 వచ్చాయి, కలిపి 18.5 సెంటీమీటర్లు. చుట్టుకొలత 24.5, దాన్ని దాంతోనే గుణించి 12.57తో (అంటే నాలుగు పైలతో) భాగిస్తే అడుగు వైశాల్యం, దాన్ని 18.5తో గుణిస్తే 883 మిల్లీలీటర్లు.

అంటే నూట పదిహేడే తక్కువ, పోనీలే అనుకుంటున్నా. ఈలోపు మా ఆయన వంటింటి కాటా తెచ్చారు. ఖాళీ సీసా 480 గ్రాములు, అంచు దాకా నీళ్లు పోస్తే 1255. నీళ్లు గ్రాముకి ఒక మిల్లీలీటరు కదా, అంటే పట్టేది 775 మాత్రమే! (మన చెన్నై వేడికి లీటరు నీళ్లు ఓ 4 గ్రాములు తక్కువే తూగుతాయి, వంటింట్లో అంత పట్టింపు అక్కర్లేదు.) మరి ఆ వంద ఎక్కడికి పోయింది అని బుర్ర బద్దలు కొట్టుకుంటే చివరికి తేలింది, టేపు సీసా బయట చుట్టాం, నూనె ఉండేది లోపల. గాజు మందం రెండున్నర మిల్లీమీటర్లు అనుకుని మళ్లీ వేస్తే 774 వచ్చింది. అంత పల్చటి గాజు వంద మిల్లీలీటర్లు తినేస్తుందని నేనైతే అనుకోలేదు. అడుగున లోపలికి గుంట ఉండే సీసాలైతే ఇంకొంచెం తగ్గుతుంది, ఆ తలకిందుల ఉపాయం అడుగు చదునుగా ఉంటేనే సరిగ్గా వస్తుంది.

నూనె మళ్లీ సీసాలో పోశాక కూడా తూచాం లెండి, 1170. సీసా బరువు తీసేస్తే 690 గ్రాములు. వేరుశెనగ నూనె లీటరు సుమారు 910 గ్రాములు తూగుతుంది, ఆ లెక్కన నాకు వచ్చింది 758 మిల్లీలీటర్లు. దాదాపు పావు వంతు పోయింది.

మర్నాడు షాపుకి వెళ్లి చెప్తే ఓనరు ఆ నూనె సీసాని అలాగే కాటా మీద పెట్టి, చూడమ్మా కిలో పైనే ఉంది అని నన్నే ఎదురు అడిగాడు! సీసా బరువు కూడా నూనె కిందే కట్టేశాడన్నమాట. ఖాళీ సీసా బరువు చెప్పాక ఒక్క నిమిషం ఆలోచించి, మిగతాది కవర్లో పోసి ఇచ్చాడు పాపం. మోసం అని నేను అనను, వాళ్లకీ లెక్క తెలియదు, అలవాటు.

మా నాయనమ్మ నెల్లూరులో సోల, గిద్దెలతో కొలిచేది. బియ్యం అయితే గుట్టగా పోసుకోవచ్చు, నూనె గుట్టగా నిలబడదు కదా, అందుకే కొసరు అడిగి మరీ పోయించుకునేది. ఇప్పుడు కొసరు సంగతి దేవుడెరుగు, అసలే రావట్లేదు.

ప్యాకెట్లలోనూ ఇదే గొడవ ఉండేది. వేడికి నూనె వ్యాకోచిస్తుంది, కాబట్టి ప్యాకెట్ మీద లీటరు అని వేసి పక్కన 60 డిగ్రీల దగ్గర అని వేస్తే తక్కువ నూనెతోనే లీటరు అయిపోతుంది. సోయా నూనె 21 డిగ్రీల దగ్గర లీటరు 919 గ్రాములు, 60 దగ్గర 892.6. అందుకే 2022లో కేంద్రం ఆ ఉష్ణోగ్రత మాట తీసేసి బరువు కూడా వేయమని కంపెనీలకి చెప్పింది. ప్యాకెట్ మీద గ్రాములు చూడొచ్చు, లూజుగా పోయించుకునే మాకే ఏదీ లేదు.

కాబట్టి మీరు ఈసారి ధరలు వేసేటప్పుడు లీటరుకా కిలోకా అన్నది తప్పకుండా రాయండి, కిలో అంటే దాదాపు 1100 మిల్లీలీటర్లు, లీటరు ధర కిలో ధర పక్కపక్కన పెట్టి ఇది చవక అది ఎక్కువ అంటే ఎలా? చదివేవాళ్లకి కూడా ఒక మాట, ఖాళీ సీసా ముందు కాటా మీద పెట్టించి, సున్నా చేయించి, అప్పుడు పోయించుకోండి.

ఆ స్క్వాష్ సీసానే ఇప్పటికీ తీసుకెళ్తున్నా. మా అమ్మాయి మార్కర్‌తో మెడ కింద గీత గీసి 750 అని రాసింది, అక్కడి దాకా పోయించుకుని ముప్పావు లీటరుకే డబ్బులిస్తున్నా.

— ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై