తాయ్ చీ సరే, మన ఆడవాళ్ళ మీద పరిశోధన ఏది?

సంపాదకులకు నమస్కారం.

ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళు తాయ్ చీ (ఒళ్ళు నెమ్మదిగా కదిలిస్తూ చేసే చైనా వ్యాయామం) చేస్తే ఎముకలు గట్టిపడతాయని పరిశోధనల్లో తేలినట్టు మీ ఆదివారం అనుబంధంలో రాశారు. నేను గుంటూరులో ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది యాభై దాటిన ఆడవాళ్ళే. వాళ్ళలో ఒకావిడ ఆ వ్యాసం కత్తిరించి తెచ్చి, "ఇది నేర్చుకుంటే కాల్షియం మాత్రలు మానేయొచ్చా అమ్మా?" అని అడిగారు. నాకు భయమేసింది, అందుకే రాస్తున్నాను.

తాయ్ చీ మంచి వ్యాయామం, అందులో నాకు అనుమానం లేదు. కానీ పరిశోధనల్లో ఏం తేలిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. 2002లో హాంకాంగ్ పరిశోధకులు ఏళ్ళ తరబడి తాయ్ చీ చేస్తున్న 17 మందిని, చేయని 17 మందితో పోల్చి చూశారు. చేసేవాళ్ళ ఎముకలే బాగున్నాయి. అయితే రోజూ పొద్దున్నే లేచి పార్కుకి వెళ్ళగలిగే మనిషి ఆరోగ్యం అసలే బాగుండి ఉండొచ్చు కదా, ఆ మేలు తాయ్ చీ వల్ల వచ్చిందో ముందే ఉందో ఎలా తెలుస్తుంది? అందుకని ఆ తర్వాతి పరిశోధన ఇంకా పకడ్బందీగా చేశారు, దాని ఫలితాలు 2004లో వచ్చాయి. ముట్లు ఆగి పదేళ్ళు దాటని 132 మందిని తీసుకుని, ఎవరు ఏ గుంపులోకి వెళ్ళాలో లాటరీ వేసినట్టు తేల్చారు. 67 మంది రోజుకి 45 నిమిషాలు, వారానికి 5 రోజులు, ఏడాది పాటు తాయ్ చీ చేశారు. మిగతా 65 మంది ఎప్పటిలాగే ఉన్నారు.

ఏడాది తర్వాత స్కాన్ చేస్తే రెండు గుంపుల్లోనూ ఎముక తగ్గింది, తాయ్ చీ చేసినవాళ్ళకి కూడా. కాకపోతే వాళ్ళకి చీలమండకి కొంచెం పైన, కాలి ఎముక కింది భాగంలో తగ్గే వేగం 2.6 నుంచి 3.6 రెట్లు తక్కువగా ఉంది. మోకాళ్ళు కాస్త వంచి, ఒంటి బరువంతా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి నెమ్మదిగా మార్చే వ్యాయామం కాబట్టి ఆ చోట తేడా కనిపించడం నాకు వింతగా అనిపించలేదు. ఇది చిన్న మేలేమీ కాదు. ముట్లు ఆగి, ఎముకని కాపాడే ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గిపోయిన మొదటి కొన్నేళ్ళలోనే ఎముక అన్నిటికంటే వేగంగా కరిగిపోతుంది, ఆ వేగానికి కళ్ళెం వేయగలిగితే చాలా గొప్ప. కానీ అరుగుదల నెమ్మదించడాన్ని ఎముక గట్టిపడటంగా రాస్తే మాత్రలు మానేసేవాళ్ళు తయారవుతారు.

2012లో అమెరికాలోని బోస్టన్ నుంచి వచ్చిన పరిశోధన మీ వ్యాసంలో అసలు లేనే లేదు. ఎముకలు పల్చబడటం మొదలైన 86 మంది మీద, 9 నెలలు. మొత్తం మీద లెక్క చూస్తే ఎముక సాంద్రతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. క్రమం తప్పకుండా చేసినవాళ్ళని విడిగా తీసి చూస్తే మాత్రం తుంటి దగ్గర కొంత మేలు కనిపించింది. అలా విడదీసి చూస్తే మళ్ళీ ఆ 17 మంది దగ్గరి సమస్యే వస్తుంది: క్రమం తప్పకుండా రాగలిగినవాళ్ళు ఎవరు, రాలేకపోయినవాళ్ళు ఎందుకు రాలేదు?

నన్నడిగితే తాయ్ చీ అసలు బలం పడిపోకుండా కాపాడటంలో ఉంది. 1996లో అట్లాంటా పరిశోధకులు డెబ్బై ఏళ్ళు దాటిన 200 మంది మీద ఒక పరిశోధన ప్రచురించారు, అందులో 162 మంది ఆడవాళ్ళే. 15 వారాల శిక్షణతో పదేపదే పడిపోయే ప్రమాదం 47.5 శాతం తగ్గింది. ఎముక గుల్లబారినా మనిషి పడకపోతే తుంటి విరిగే అవకాశం చాలా తక్కువ. తుంటి విరిగి మంచాన పడ్డ పెద్దావిడ ఉన్న ఇంట్లో కూతురో కోడలో ఎంత నలిగిపోతుందో నేను రోజూ చూస్తున్నాను, అందుకే ఈ విషయం ఎముక సాంద్రత కంటే పైన ఉండాలంటాను.

ఇక మన సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఉంచినా మెనోపాజ్ (ముట్లు ఆగే దశ) ముందే వచ్చే అవకాశం ఎక్కువ. పైగా హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2005లోనే 30 నుంచి 60 ఏళ్ళ పేద ఆడవాళ్ళు 289 మందిని పరీక్షించి, దాదాపు 29 శాతం మందికి తుంటి దగ్గర ఎముకలు గుల్లబారాయని చెప్పారు. ముప్పై అయిదేళ్ళకే గర్భసంచి తీయించుకుని, మిరప కోతకి వెళ్తూ, పాలూ పెరుగూ పిల్లలకి పెట్టి తాను మజ్జిగనీళ్ళతో సరిపెట్టుకునే మనిషికి హాంకాంగ్ ఫలితం అలాగే వర్తిస్తుందని ఎవరు చెప్పగలరు?

అందుకే ఇక్కడ పరిశోధన జరగాలి. హాంకాంగ్‌లోలా వ్యాయామం లేనివాళ్ళతో పోలిస్తే మనకి సరిపోదు, నడకతోనూ యోగాతోనూ పోల్చాలి, ఎందుకంటే మన ఊళ్ళలో తాయ్ చీ గురువు దొరకడమే కష్టం. ఎముకలో మార్పు స్కాన్‌లో తెలియాలంటే కనీసం ఏడాది పడుతుంది కాబట్టి మూణ్ణెల్ల ముచ్చటగా చేయొద్దు. గర్భసంచి తీయించుకున్నవాళ్ళ లెక్క విడిగా ఉండాలి. ఎన్నిసార్లు పడ్డారో నెలనెలా రాయించాలి. డ్వాక్రా సంఘాల ద్వారా వెళ్తే మనుషులు దొరుకుతారు, కూలి పోకుండా సాయంత్రం పూట పెడితే మధ్యలో మానేసేవాళ్ళూ తగ్గుతారు.

మీకు నా విన్నపం రెండు మాటలు. మాత్రలు మానొద్దని, డాక్టరుని అడగకుండా ఏదీ మార్చుకోవద్దని అదే పేజీలో ఒక సవరణ వేయండి. మన మెడికల్ కాలేజీలు, పోషకాహార సంస్థ ఇలాంటి పరిశోధన చేపట్టే ఆలోచనలో ఉన్నాయో లేదో మీ విలేకరులతో అడిగించి, వాళ్ళు ఏం చెబితే అది అచ్చు వేయండి.

— ఒక ఫిజియోథెరపిస్టు, గుంటూరు