ఉదయగిరి కొండ మీద నా కాలికి తువ్వాలు కట్టిన పెద్దమ్మకి

కార్తీకమాసంలో ఒక ఆదివారం ఉదయగిరి కొండ దిగుతా కాలు మెలిక పడి కూలబడిపోయా. ఆ రోజు నన్ను కిందికి దించి, నెల్లూరు దాకా చేర్చిన వాళ్ళ ఫోన్ నంబర్లు నా దగ్గర లేవు, కొంతమంది పేర్లు కూడా అడగలా ఆ నొప్పిలో. అందుకే ఇక్కడ రాస్తున్నా, ఉదయగిరి వాళ్ళు, ఆ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఎవరైనా చదివితే దయచేసి వాళ్ళకి చెప్పండి. మూడు వారాలైంది, నిన్ననే క్రేప్ బ్యాండేజీ తీసేశా, కొంచెం వాపు ఉంది గానీ నడుస్తున్నా.

మొదట నేను ఒక్కదాన్నే ఆ కొండకి ఎందుకు పోయానో చెప్పాలి, లేకపోతే వాళ్ళు చేసిన సాయం ఎంత పెద్దదో అర్థం కాదు.

మా అమ్మకి నాలుగేళ్ళు డయాలసిస్ చేయించా. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్ర, ఒక్కోసారి నాలుగు గంటలు. మాది పొద్దున్నే ఫస్ట్ బ్యాచ్, నాలుగున్నరకి లేచి అమ్మకి ఇడ్లీ పెట్టి ఆటోలో తీసకపోయేదాన్ని, అక్కడ కుర్చీలో కూర్చుని ఆ మిషన్ శబ్దం వింటా షాపు లెక్కలు చూసుకునేదాన్ని (ట్రంకురోడ్డులో బట్టల షాపులో అకౌంట్స్ నా పని). పోయిన ఏడాది ఉగాది అయిన పది రోజులకి అమ్మ పోయింది. కర్మకాండలన్నీ అయినాయి, చుట్టాలు పోయినారు, ఆ తర్వాత సోమవారం నాలుగున్నరకి కళ్ళు తెరుచుకున్నాయి. బుధవారం కూడా. శుక్రవారం కూడా. లేచి స్టవ్ వెలిగించి, ఎవరికి ఇడ్లీ అని గుర్తొచ్చి, ఆర్పేసి, వంటింట్లో నేల మీద కూర్చునేదాన్ని. ఆరు నెలలు ఇట్టానే గడిచింది. డాక్టర్ దగ్గరికి పోయా, మందులు రాసింది, వాడా, మంచి చేశాయి కూడా. ఆమె ఇంకో మాట చెప్పింది, ఆ టైముకి ఇంట్లో ఉండొద్దమ్మా, బయటికి పో, నడువు అని. ఆ డాక్టరమ్మకి కూడా ఇక్కడే దండం పెడుతున్నా.

మొదట పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి దాకా నడిచేదాన్ని. తర్వాత మైపాడు. చీకట్లో సముద్రం కనపడదు, వినపడతది అంతే, కాసేపటికి ఆ నల్లదనంలోనే ఒక గీత తేలతది, అది నీళ్ళదో ఆకాశానిదో తెలియకముందే ఎర్రగా అయిపోతది. అట్టా మొదలైంది. పెంచలకోనకి ఒక్కదాన్నే పోయా, కోన లోపలికి నడిచి రాళ్ళ మధ్య నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నా, మా అమ్మ పోయినాక మొదటిసారి ఏడుపు రాకుండా ఆమెని తల్చుకున్నా. తర్వాత భైరవకోన. ఒకే కొండ రాయిని తొలిచి ఎనిమిది గుహాలయాలు, ఎనిమిదిట్లోనూ శివుడే, పక్కనే జలపాతం. నేను పోయింది వానలు పడిన తర్వాత, నీళ్ళు కింద పడేచోట గాలి కూడా తడిగా ఉంది, మొహం మీద చల్లగా తుంపర్లు, నిలబడి నోరు తెరుచుకుని చూస్తానే ఉన్నా. నలభై ఒక్క ఏళ్ళు నెల్లూరులో ఉండి ఇవన్నీ మన పక్కనే ఉన్నాయని తెలియకుండా బతికా.

ఒక్కదానివే ఎందుకు పోతావు, తోడు ఎవర్నన్నా తీసకపో, ఆడదానివి, ఏదన్నా అయితే ఎట్టా, ఇదే అందరూ అడిగేది. తప్పుగా అడగలా, నా మీద ప్రేమతోనే. కానీ తోడు ఉంటే మాట్లాడాలి, వాళ్ళు ఫోటో తీయమంటే తీయాలి, టిఫిన్ ఎక్కడ అని ఆలోచించాలి. నాలుగేళ్ళు ఒక మనిషి ఒంట్లో ఎంత నీరు చేరిందో, బరువు ఎంత పెరిగిందో చూసుకుంటా బతికిన దానికి, ఎవరినీ చూసుకోనక్కర్లేని మూడు గంటలు ఎంత అవసరమో చెప్పినా తెలియదు.

ఉదయగిరి మాత్రం అమ్మ కోసమే పోయా. ఒకసారి అమ్మని చెన్నై ఆసుపత్రికి తీసకపోయినప్పుడు రిపోర్టు సాయంత్రం ఇస్తామన్నారు, ఆ టైములో ఎగ్మూరు మ్యూజియంకి పోయాం. అక్కడ బాలకృష్ణుడి రాతి విగ్రహం ఒకటి ఉంది. కృష్ణదేవరాయలు ఉదయగిరి కోటని గజపతుల నుంచి గెలుచుకున్నాక దాన్ని ఉదయగిరి నుంచే హంపికి తీసకపోయి, దాని కోసమే అక్కడ గుడి కట్టించాడు, ఆ విగ్రహమే ఇప్పుడు చెన్నైలో ఉంది. అమ్మ దాని ముందర ఆగి "బో ముద్దుగా ఉండాడు, మనోడేనంట కదబ్బా" అని నవ్వింది. నడవలేక వీల్ చైర్ తీసుకున్న రోజు అది. మనోడు ఉన్న ఊరు ఎట్టా ఉంటదో చూద్దాంలే అమ్మా అన్నా. కుదర్లా.

అందుకని శనివారం సాయంత్రం ఆత్మకూరు మీదుగా బస్సులో ఉదయగిరి పోయి లాడ్జిలో ఉండి, ఆదివారం తెల్లారుతూనే ఎక్కడం మొదలుపెట్టా. కొండ 3079 అడుగులు. ఆగి ఆగి ఎక్కా. కూలిన కోట గోడలు, బురుజులు, మధ్యలో చెట్లు పెరిగిపోయి ఉన్నాయి. ఒక వాకిలి దగ్గర అడ్డంగా ఇంత పెద్ద సాలెగూడు, ప్రతి దారం మీద మంచు బొట్లు, ఒక్కో బొట్టులో కోట గోడ తలకిందులుగా. అది తెంచుకుని పోబుద్ధి కాలా, కూర్చుని కింద నుంచి పాక్కుంటా దాటా. పైన పాత మసీదు ఉంది, రాతి మీద పర్షియన్ అక్షరాలు, చదవడం రాదు గానీ వేలితో ఒక్కో అక్షరం మీద గీసుకుంటా పోయా, రాయి అప్పటికే ఎండకి వెచ్చగా ఉంది. కింద చూస్తే మబ్బు, మబ్బు కింద ఊరు. అమ్మ చీర కొంగు ముక్క ఒకటి నా బ్యాగులో ఎప్పుడూ ఉంటది, తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. ఎంతసేపో తెలియదు.

దిగేటప్పుడు పదకొండు అయ్యుంటది, అడుగు పెట్టిన రాయి కదిలింది, కుడి కాలు లోపలికి మడిచినట్టయి టప్ మని వినపడింది. కూర్చుండిపోయా. లేవబోతే కాలు మోపలేకపోయా. ఫోన్లో సిగ్నల్ లేదు. సీసాలో నీళ్ళు సగం. కొండ ఎక్కుతున్నానని ఇంట్లో ఎవరికీ చెప్పలా, లాడ్జిలో కూడా చెప్పలా, అది నా తప్పు, ఈ మాట చదివే వాళ్ళందరికీ చెబుతున్నా, ఎక్కడికి పోతున్నారో ఎన్నింటికి వస్తారో ఒక్క మనిషికన్నా చెప్పి పోండి. అరిచా, ఎవరూ లేరు. ఒక గంట పైనే.

అప్పుడు మేకల మెడలో గంటలు వినపడ్డాయి.

అరవై దాటిన పెద్దమ్మ, వెంట పన్నెండేళ్ళ మనవడు. వచ్చి నా కాలి దగ్గర గొంతుక్కూర్చుంది. నేను షూ లాగబోతే "గమ్మునుండు అమ్మణ్ణీ" అని తనే లేసులు వదులు చేసి నిదానంగా తీసింది. "కాలి వేళ్ళు ఆడించు" అంది. ఆడించా. మడమ చుట్టూ ఎముకలు ఒత్తి చూసింది, ఎక్కడ నొప్పి ఎక్కువో అడిగింది. నేను రుద్దుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది, రుద్దితే వాపు ఇంకా వస్తదంట, తర్వాత ఆసుపత్రిలో కూడా అదే మాట అన్నారు. తన తల మీద తువ్వాలు తీసి, నా సీసాలో మిగిలిన నీళ్ళలో ఒక గుక్కెడు ఉంచి తక్కింది దాని మీద పోసి, పాదం నుంచి పైకి చుట్లు చుట్లుగా కట్టింది, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం ఎక్కేట్టు. మా అమ్మకి డయాలసిస్ సూది గుచ్చే ఫిస్టులా చేతికి నర్సు కట్టు కట్టడం నాలుగేళ్ళు చూశా, అంత శుభ్రంగా ఉంది ఆ కట్టు. కాలు ఎత్తి నా బ్యాగు మీద పెట్టింది. మనవడిని "పో, మీ నాయన్ని పిలుచుకురా" అని కిందికి పరిగెత్తించింది.

ఇక మేమిద్దరమే. తన సద్దిమూట విప్పి సగం నాకు పెట్టింది, సద్దన్నం, ఉల్లిపాయ, మామిడికాయ తొక్కు. నేను మనసులో సిద్ధంగా ఉన్నా, ఇప్పుడు అడుగుతది, ఒక్కదానివే ఎందుకొచ్చావు అని. ఏం చెప్పాలో కూడా అనుకున్నా. ఆమె తింటా తింటా, "పైన ఏం చూశావు?" అంది.

అంతే అడిగింది. ఏడాదిన్నరగా ఎవరూ ఆ మాట అడగలా నన్ను. సాలెగూడు గురించి చెప్పా, మబ్బు గురించి చెప్పా, రాతి మీద అక్షరాలు చెప్పా, అట్టా చెప్పుకుంటా చెప్పుకుంటా అమ్మ దాకా వచ్చేసి, చెన్నైలో విగ్రహం దాకా అన్నీ చెప్పేశా, ఏడ్చేశా కూడా. ఆమె ఊరుకో అనలా. మధ్యలో ఒకసారి లేచి దూరంగా పోయిన మేకని అదిలించి వచ్చి "ఆ, చెప్పు, ఆ తర్వాత?" అంది. అమ్మ నవ్విందన్న చోట తనూ నవ్వింది.

ఆ పిల్లోడు నాయన్ని, ఇంకో ఇద్దరిని తీసకొచ్చాడు. రెండు భుజాలు పట్టుకుని దించారు, నిటారుగా ఉన్నచోట వీపు మీద మోశారు. నొప్పి తెలియకుండా ఉండాలని ఆ పిల్లోడు దారంతా కబుర్లు. రాయలు ఈ కోట కింద ఏడాదిన్నర కాచుకుని కూర్చున్నాడక్కా, అంత గట్టి కోట అని ఒకసారి. ఒక ముళ్ళపొద చూపించి ఇది కలివి పొదక్కా, కలివికోడికి ఆ పేరు దీని వల్లే వచ్చిందని మా సారు చెప్పాడు అన్నాడు. ఇంటికొచ్చి ఆ పిట్ట గురించి చదివా. 1848లో జెర్డన్ అనే డాక్టరు కనిపెట్టిన పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనపడక ఇక లేదనుకుంటే 1986లో కడప జిల్లా అడవిలో ఒక ఊరి మనిషి రాత్రి టార్చి వెలుగులో పట్టుకున్నాడంట. అది చదివినప్పుడు ఎందుకో నా కళ్ళ ముందర తువ్వాలు విప్పుతున్న పెద్దమ్మ చెయ్యే కనపడింది.

కింద మొదటి ఇళ్ళ దగ్గర ఒకామె కొయ్య గరిటెలు చెక్కుతా ఉంది, ఉదయగిరి గరిటెలు తెలుసు కదా, ఒళ్ళో పొట్టు దులుపుకుని పరిగెత్తుకొచ్చి కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది, ఆటో పిలిపించింది. ఆమెకి కృతజ్ఞతలు. డబ్బులు తీసుకోకుండా ఆసుపత్రికి తీసకపోయి ఎక్స్‌రే తీసిందాకా బయట కాచుకున్న ఆటో అన్నకి కృతజ్ఞతలు. ఎముక విరగలేదు, లిగమెంటు సాగింది. కాలు చాపుకోవాలని ముందు సీటు ఖాళీ చేయించి, నెల్లూరు బస్టాండులో మా తమ్ముడు వచ్చిందాకా నా బ్యాగు పట్టుకుని నిలబడ్డ కండక్టరు గారికి కృతజ్ఞతలు. మోసిన ముగ్గురికీ నేను ఇవ్వబోతే కోపం చేసుకున్నారు, ఆ పిల్లోడికి మాత్రం పుస్తకాలు పంపిస్తానని చెప్పా, మాట తప్పను.

పెద్దమ్మా, నువ్వు ఆ రోజు మేకలు వదిలి రాలేక పైనే ఉండిపోయావు, నీకు సరిగ్గా చెప్పి కూడా రాలేదు నేను. నీ తువ్వాలు నా దగ్గరే ఉంది. నీలం గళ్ళది, ఒక మూల చిరిగి కుట్టు వేసి ఉంది. ఉతికి ఆరేసి మడత పెట్టా, అమ్మ చీర ముక్క పక్కనే బీరువాలో ఉంది. సంక్రాంతి అయినాక డాక్టరు కొండ ఎక్కొచ్చంటే, ఈసారి తమ్ముడికి చెప్పి, ఒక్కదాన్నే వస్తా. ఆ వైపు మేకలు తోలుకునేవాళ్ళు ఎవరికైనా ఆమె తెలిసుంటే ఈ ఒక్క మాట చెప్పండి, నెల్లూరు అమ్మణ్ణి కాలు బాగైంది, తువ్వాలు తెస్తుంది, ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది అని.