గుడారంలోకి నిప్పు తేవద్దు

సంపాదకులకు,

చిన్నపిల్లలతో గుడారాల్లో రాత్రి బస చేసే తల్లిదండ్రులకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చలేస్తోందని బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ స్టవ్ గానీ లోపలికి తేవద్దు. బొగ్గు మీద బూడిద కమ్మి, మంట ఆరినట్టు కనిపించినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జిప్పు కాస్త తెరిచి ఉంచినా చాలదు.

అసలు ఒంట్లో వేడిని నేలే లాగేస్తుంది. రెండు దుప్పట్లుంటే ఒకటి కింద పరవండి, దాని కింద ఫోమ్ చాప వేయండి. ఉత్త గాలిపరుపైతే లోపలి గాలి చల్లబడి పిల్లల వీపు వణుకుతుంది. పడుకోబెట్టే ముందు చెమట బట్టలు, సాక్సులతో సహా మార్చాలి. గుడారం గాలి సందులు మూసేస్తే ఊపిరి తేమ దాని గుడ్డకు పట్టి, తెల్లారేసరికి పక్కలు తడుస్తాయి. ఏడాదిలోపు పసివాళ్లకు మాత్రం వదులు దుప్పటి కప్పకండి, ముఖం మీదికి జారుతుంది.

– ఒక పాఠకురాలు