పాత కంప్యూటర్‌ను ఎందుకు పారేయలేదంటే

విజయవాడ

ప్రియమైన మూర్తీ,

నీ ఉత్తరం అందింది. పిల్లల చదువులు, మీ అమ్మగారి మోకాళ్ల నొప్పులు, నీ కొత్త మేనేజరు చాదస్తం, అన్నీ చదివాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, అది మాత్రం నన్ను వదలడం లేదు. "ఇంకా ఆ పాత విండోస్ ఎక్స్‌పీ డబ్బానే పట్టుకుని వేలాడుతున్నావా? తీసి అవతల పారేసి సాఫ్ట్‌వేర్లన్నీ నెలవారీ చందాకు మార్చుకో, ప్రశాంతంగా ఉంటావు" అని. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ ముందు, ఏసీ గదిలో కూర్చుని చెప్పడానికి ఎంత తేలికగా ఉందిరా! ఇవాళ కరెంటు లేదు, ప్రెస్సు ఆగిపోయింది, ట్రేసింగులు తీసే పని కూడా లేదు. కాబట్టి నా ప్రశాంతత సంగతి తీరిగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఆ డబ్బాలో ఏముందో నీకు కొత్తగా చెప్పాలా? పేజీలు పెట్టే ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7, తెలుగు కొట్టే అను ఫాంట్లు. మనిద్దరం పక్కపక్కన కూర్చుని రాత్రుళ్లు పేజీలు పెట్టిన సరంజామాయే. 1985లో ఆల్డస్ అనే కంపెనీ పేజ్‌మేకర్‌ను తెచ్చింది, 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది, 1999లో అడోబీయే తెచ్చిన ఇన్‌డిజైన్ రాగానే దీని పని అయిపోయింది. 2001లో వచ్చిన ఏడో వెర్షనే ఆఖరిది. లోకం దాన్ని మరిచిపోయాక కూడా మన ఏలూరు రోడ్డు పుస్తకాలూ, శుభలేఖలూ, గుడి కరపత్రాలూ దాని మీదే నడిచాయి. ఇది మన వెనకబాటుతనమని నువ్వంటావు. నేనేమంటానంటే, పనిచేసే పనిముట్టును ఎవరో వదిలేశారని మనం వదిలేయనక్కర్లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. అను ఫాంట్లలో "అ" అని కొడితే కంప్యూటర్ లోపల "అ" ఉండదు. ఏదో ఇంగ్లీషు అక్షరమో, గుర్తో ఉంటుంది. ఫాంటు దానికి తెలుగు బొమ్మ తొడుగుతుంది, అంతే. ఫాంటు తీసేస్తే తెర మీద చెత్త కనిపిస్తుంది. ఒక వెర్షన్‌లో కొట్టినది ఇంకో వెర్షన్‌లో సరిగ్గా రాదు. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాన్ని అక్షరంగానే గుర్తించే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి ఫాంటు కూడా వచ్చింది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ అర్థం కాదు. అలా మన ఊళ్లలో రెండు తరాల ఆపరేటర్లు కొట్టిన కథలు, పద్యాలు, శతకాలు, కుల సంఘాల సావనీర్లు అన్నీ ఆ మారువేషంలోనే ఉండిపోయాయి. మొన్న ఒక పెద్దాయన వచ్చి, తన నాన్నగారి సంపుటి రెండో ముద్రణ వేయాలని సీడీ ఇచ్చారు. ఆయన ఇంట్లో కంప్యూటర్‌లో తెరిస్తే గ్రీకో లాటినో తెలియకుండా ఉందట. నా ఎక్స్‌పీలో పెట్టగానే తెలుగు కనిపించింది. ఆయన కళ్లలో సంతోషం చూశాక ఆ డబ్బాను పారేయమంటావా చెప్పు.

యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి, నిజమే. వాటిని చేసింది కూడా ఏ కంపెనీ కాదు, భాష మీద ప్రేమతో సొంత సమయం ఖర్చుపెట్టిన మన తెలుగువాళ్లు. దినపత్రికలు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు పెట్టుకుని, వెబ్‌సైటు చదవాలంటే ముందు దాన్ని దించుకోవాలన్న రోజుల్లో, ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే చిన్న ప్రోగ్రాము అవన్నీ యూనికోడ్‌లో చూపించేది, గుర్తుందా? ఫాంట్లు అమ్ముకున్నవాళ్లు చేయాల్సిన పని అది. చేయలేదు. ఎందుకు చేస్తారు? మన రాత వాళ్ల ఫాంటులో చిక్కుకుని ఉన్నంతకాలం మనం వాళ్ల గుమ్మం దాటి పోలేం కదా.

ఇక లాకు సంగతి. కంప్యూటర్ వెనక బిగించే ఆ చిన్న ప్లాస్టిక్ బిళ్ల లేకపోతే ప్రోగ్రాము తెరుచుకోదు. ఏ కంపెనీదో రాయను, నీకు తెలుసు. పూర్తి డబ్బు కట్టి, బిల్లు తీసుకుని కొన్న సరుకది. బిళ్ల పాడైతే ఫోన్ చేశాను. పాత వెర్షన్‌కు లాకులు ఇవ్వడం మానేశామండీ, కొత్తది కొనుక్కోండి అన్నారు. మా పక్క వీధిలో దొంగ కాపీ వాడే కుర్రాడి షాపు మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు. డబ్బిచ్చి కొన్నవాడికే కాపలా, కొనని వాడికి స్వేచ్ఛ! ఇది మన ఊరి విడ్డూరం మాత్రమే అనుకోకు. 2005లో సోనీ బీఎంజీ వాళ్లు సంగీతం సీడీల్లో కాపీ నిరోధం పేరుతో ఒక ప్రోగ్రాము పెట్టారు. అది కొన్నవాడి కంప్యూటర్‌లో కనపడకుండా దాక్కుని, వైరస్‌లకు కూడా చోటిచ్చింది. పాటల్ని దొంగతనంగా దించుకున్నవాడికి ఏమీ కాలేదు.

ఇప్పుడు నీ చందా దగ్గరికి వస్తాను. ఒక తమాషా విను. భారతీయ లిపులకు అధికారికంగా చోటిచ్చిన మొదటి ఇన్‌డిజైన్ సీఎస్6, 2012లో వచ్చింది. మరుసటి ఏడాది మే నెలలో అడోబీ ఇక కొత్త వెర్షన్లు అమ్మం, అద్దెకు మాత్రమే ఇస్తాం అని ప్రకటించింది. అంటే అది తెలుగు నేర్చుకున్న మొదటి వెర్షన్, మనం కొని సొంతం చేసుకోగలిగిన ఆఖరి వెర్షన్, రెండూ ఒకటే! నాకు దీని మీద ఎంత కోపం ఉందో నవ్వు కూడా అంతే వస్తుంది.

అద్దెతో గొడవ డబ్బు ఒక్కటే కాదురా. మా బిల్లింగ్ ప్రోగ్రాము సంగతి చెబుతాను. ఒకప్పుడు అది నా కంప్యూటర్‌లోనే ఉండేది. తర్వాత కంపెనీ వాళ్లు అన్నీ తమ సర్వర్లకు ఎక్కించేసి ఏడాది చందా పెట్టారు. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధన వల్ల, కార్డు నుంచి దానంతటదే పోయే చందాలు చాలామందికి ఆగిపోయాయి గదా, నాదీ ఆగింది. రిజర్వు బ్యాంకును నేను తప్పుపట్టను, మన జేబుకు కాపలా పెట్టింది. ఈ కంపెనీ మాత్రం నా లెక్కల పుస్తకం మూసేసింది. కొత్త బిల్లు ఇవ్వనివ్వకపోతే అర్థం ఉంది. నాకు ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో చూసుకోనివ్వకపోవడం ఏమిటి? కాగితం వాడికి చెల్లించాలి, జీఎస్టీ గడువు దగ్గర పడింది, నా సొంత లెక్కలు నాకు కనిపించవు. ఇల్లు కట్టి మనకు అప్పగించాక కూడా మేస్త్రీ తాళం చెవి తన మొలకే కట్టుకుని తిరిగినట్టుంది. డబ్బు కట్టి తెరిపించుకున్న వెంటనే, మా లెక్కలు మాకు ఇచ్చేయండి అని అడిగాను. పీడీఎఫ్ ఇచ్చారు! వేల లైన్ల లెక్కను పీడీఎఫ్‌లో ఇవ్వడమంటే పుస్తకాన్ని అద్దాల బీరువాలో పెట్టి చూసుకొమ్మనడమే. మా షాపు అమ్మాయి కూర్చుని మొత్తం మళ్లీ ఎక్కించింది. పాపం, ఆ పిల్ల తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

విండోస్ గురించి ఎక్కువ రాయను, దాన్ని నువ్వు నాకంటే బాగా ఎరుగుదువు. 2025 అక్టోబరు 14న పదో వెర్షన్‌కు మద్దతు ఆపేశారు. పదకొండు కావాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఒకటీ అరా మినహా ఎనిమిదో తరమో ఆ పైదో అయ్యుండాలి. నిక్షేపంగా నడుస్తున్న యంత్రాలు ఒక్క ప్రకటనతో ముసలివైపోయాయి. కొత్తది కొంటే, ఇంటర్నెట్టు, మైక్రోసాఫ్ట్ ఖాతా లేనిదే మామూలు దారిలో గుమ్మం కూడా దాటనివ్వదు. ఆ పైన 2024లో రీకాల్ అని ఒకటి ప్రకటించారు. కొద్ది సెకన్లకోసారి తెరను ఫోటో తీసి దాచిపెడుతుందట, మనకు గుర్తు లేనిది వెతికి పెట్టడానికి! జనం మండిపడితే వెనక్కి తగ్గి, ఇష్టమైనవాళ్లే పెట్టుకోవచ్చని మార్చారు. నాకు మతిమరుపు ఉందని ఎవరు చెప్పారో వాళ్లకు.

నువ్వు చెప్పబోయేది నాకు తెలుసు. భద్రత, అప్‌డేట్లు, పాత కంప్యూటర్లకు ముప్పు. ఒప్పుకుంటాను. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వానాక్రై వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు స్టేషన్ల కంప్యూటర్లే చిక్కాయి, నాకు గుర్తుంది. మద్దతు ఉన్న విండోస్‌లకు దాన్ని ఆపే సవరణ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు ఇరుక్కున్నారు. అందుకే నా ఎక్స్‌పీకి నెట్టు తీగ ఏనాడో పీకేశాను. పెన్‌డ్రైవు కూడా ముందు వేరే కంప్యూటర్‌లో పరీక్షించాకే దానికి పెడతాం.

కానీ అదే భద్రత పేరుతో 2024 జులై 19న ఏమైందో మీ శంషాబాద్ వాళ్లనే అడుగు. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌కు ప్రపంచం మొత్తం మీద 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాదులో ఇండిగో వాళ్లు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ ఫోటో చూసి మా ప్రెస్సులో అందరం, బిల్లు పుస్తకాల ఆర్డరు మనకే వస్తుందేమో అని నవ్వుకున్నాం. నవ్వులాట పక్కన పెడితే, నా భయం దాడి చేసేవాడి గురించి ఒక్కటే కాదు, కాపలావాడి గురించి కూడా.

ఇంకా పెద్దది 2025 జులైలో జరిగింది. గుజరాత్‌లోని వాడినార్‌లో రిఫైనరీ ఉన్న నయారా ఎనర్జీ తెలుసు గదా. అందులో రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కు వాటా ఉందని యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది. వెంటనే మైక్రోసాఫ్ట్ సంస్థ నయారా వాళ్ల మెయిళ్లు, టీమ్స్ ఆపేసింది. డబ్బు కడుతున్న ఖాతాదారు, భారతదేశంలో పనిచేసే కంపెనీ, ఇక్కడి చట్టం ప్రకారం ఏ తప్పూ లేదు. అయినా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది, ఆ తర్వాతే సేవలు తిరిగొచ్చాయి. అంతటి రిఫైనరీకే ఉత్తరాలు ఆగిపోతే, గవర్నరుపేటలో నాలుగు కంప్యూటర్ల ప్రెస్సు ఏ కోర్టుకు పోతుంది మూర్తీ? 2009లో అమెజాన్ కూడా, కిండిల్ అనే తన ఈ-పుస్తకాల యంత్రంలో పాఠకులు కొనుక్కున్న పుస్తకాల్ని, అమ్మినవాడికి హక్కులు లేవని వాళ్ల చేతుల్లోంచే చెరిపేసింది. డబ్బు తిరిగిచ్చారు, బెజోస్ క్షమాపణా చెప్పాడు. మనం అచ్చువేసిన పుస్తకాన్ని వెనక్కి తీసుకోవాలంటే కనీసం ఇంటికి వచ్చి తలుపు కొట్టాలి.

మరి నేనేం చేశానంటావా? రెండో బల్ల మీది యంత్రంలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేశాను. ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమం ప్రింటర్ దగ్గర మొదలైందని ఈమధ్యే చదివాను, మన వృత్తివాడే అనిపించింది. ఎంఐటీలో జెరాక్స్ లేజర్ ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే తెలియజేసేలా దాని ప్రోగ్రాము మార్చుకుందామని రిచర్డ్ స్టాల్‌మన్ అడిగితే, ప్రోగ్రాము మూల కోడ్ ఇవ్వం పొమ్మన్నారట. 1983లో ఆయన గ్నూ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పని ప్రకటించడం వెనక ఆ మంట కూడా ఉంది. కాగితం ఇరుక్కున్నప్పుడు వచ్చే కోపం నాకు తెలుసు కాబట్టి పూర్తిగా నమ్ముతాను!

నా అసలు భయం కీబోర్డు గురించే. ఆపిల్ అనే తెలుగు కీల అమరిక నా వేళ్లలోకి ఎక్కిపోయింది, ఈ వయసులో ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో అమరిక నేర్చుకోలేను. తీరా చూస్తే లినక్స్‌లో తెలుగు ఆపిల్ అమరిక సిద్ధంగా ఉంది. రామభద్ర, మల్లన్న, సూరన్న, ధూర్జటి ఫాంట్లు ఉచితం, ఏ లాకూ అక్కర్లేదు. నవలలూ కథా సంపుటాలూ లిబ్రే ఆఫీసులో నిక్షేపంగా పెడుతున్నాం. పేజీలు పెట్టే ఉచిత ప్రోగ్రాము స్క్రైబస్ ఇప్పుడు తెలుగు ఒత్తుల్ని సరిగ్గానే చూపిస్తోంది, కానీ మన చేతికి ఇంకా అలవాటు కాలేదు, విసుగు పుట్టిస్తుంది. ఫ్లెక్సీల వాళ్లందరూ కోరల్‌డ్రా ఫైళ్లే తెస్తారు, వాటిని ఇక్కడ తెరిచినా ఉన్నదున్నట్టు వస్తాయన్న నమ్మకం లేదు. అందుకని మూడో బల్ల మీద అద్దె సాఫ్ట్‌వేరు కూడా ఉంది, నెల నెలా కడుతున్నాను. శపథాలు చేసే వయసా మనది? ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకున్నాను. ఏ పుస్తకమైనా అచ్చుకు వెళ్లాక దాని పాఠం మొత్తం యూనికోడ్‌లో, మామూలు టెక్స్ట్ ఫైలుగా రచయిత చేతికిస్తున్నాం. అడగకపోయినా ఇస్తున్నాం. రేపు నా షాపు మూసేసినా వాళ్ల రాత వాళ్ల దగ్గర ఉంటుంది. కేరళలో బడి పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లు తెలుగులో అదే పని చేస్తున్నారు, వీలైతే ఒకసారి వాళ్ల దగ్గరికి వెళ్లి, తెలుగు టైపింగ్ మీద తరగతులేమైనా పెడతారేమో కనుక్కో.

ఇంకో పని కూడా ఉంది, ఇది నీకే సాధ్యం. మీ ఆఫీసులో విండోస్ 11 పడని ల్యాప్‌టాప్‌లను గుట్టగా పోసి తుక్కు కింద అమ్మేస్తున్నారని రాశావు. అందులో ఎనిమిది జీబీ మెమరీ ఉన్నవి రెండు నాకు కావాలి. హార్డు డిస్కు తీసేసి ఇచ్చినా ఫరవాలేదు, ఇక్కడ వేసుకుంటాను. ఊరికే వద్దు, తుక్కువాడు ఎంత ఇస్తాడో అంతకు వంద ఎక్కువే పంపుతాను. ఒకటి మా షాపు అమ్మాయికి, ఇంటి దగ్గర ప్రూఫులు దిద్దుకోవడానికి. చార్జర్లు మర్చిపోకు, క్రితంసారి నువ్వు పంపినదానికి మూడు పిన్నుల తీగ లేక సిద్ధార్థనగర్ అంతా తిరిగాను.

నీ
శేషు