హాస్పిస్‌కు రాత్రి ఫోనెత్తే డాక్టరు కావాలి

ఎడిటర్ గారికి,

నయం కాని జబ్బుతో చివరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే హాస్పిస్‌ల గురించి ఎప్పుడు మాట వచ్చినా ఎన్ని పడకలు ఉన్నాయన్న దగ్గరే లెక్క ఆగిపోతోంది. ఆ పడకల పక్కన రాత్రిపూట ఎవరుంటారో, వాళ్ల వెనక ఏ డాక్టరు ఉంటారో అడిగేవాళ్లు తక్కువ. నేను హాస్పిస్ నర్సుని. పదకొండేళ్లలో పగళ్లకన్నా రాత్రులే ఎక్కువ చేశాను. అందుకే ఈ ఉత్తరం.

ఒక రాత్రి సంగతి చెప్తాను. 14 మంది పేషెంట్లకు నేనూ, ఒక ఆయా. క్యాన్సర్ ఎముకలకు పాకిన ఒక పెద్దాయనకు నాలుగు గంటలకోసారి నొప్పి తగ్గించే మార్ఫిన్ నడుస్తోంది. ఒంటిగంటన్నరకు నొప్పి పట్టలేనంతగా లేచింది. ఇవ్వాల్సిన డోసు అప్పటికే ఇచ్చేశాను. మధ్యలో నొప్పి లేస్తే అదనంగా ఎంత ఇవ్వాలో కేస్ షీట్‌లో రాసి లేదు. మామూలుగా రోజు మొత్తం డోసులో పదో వంతు నుంచి ఆరో వంతు దాకా అలా రాసిపెడతారు. ఫోన్ చేశాను. ఆ రాత్రి డ్యూటీ డాక్టరుకు మా వార్డు కొత్త, వేరే వార్డులు కూడా ఆయన మీదే ఉన్నాయి. "పెంచితే ఊపిరి ఆగిపోతుందేమో సిస్టర్, పొద్దున పెద్ద డాక్టరు గారు వచ్చి చూస్తారు" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఒక్కసారైనా చూడని పేషెంటు గురించి అర్ధరాత్రి ఫోన్లో ఎవరు మాత్రం ధైర్యం చేస్తారు?

పెద్దాయన భార్య ఆయన పాదం రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నేను గదిలోకి వెళ్లినప్పుడల్లా ముందు నా చేతుల వంక చూసేది, సిరంజి తెచ్చానేమోనని. తెల్లారేదాకా అంతే. ఏడింటికి మా డాక్టరు గారు వచ్చి, మంచం పక్కన కూర్చుని, డోసు పెంచి రాశారు. గంట తిరక్కుండా పెద్దాయన నిద్రపోయారు. ఊపిరికేమీ కాలేదు. మూడు వారాలుగా ఆయన్ని చూస్తున్న డాక్టరు కాబట్టి అది రెండు నిమిషాల పని అయింది.

హాస్పిస్‌లో డాక్టరు నాయకత్వం అంటే నాకు అర్థమైంది ఇదే. రాబోయే రాత్రిని పగలే ఊహించాలి. నొప్పికి, ఆయాసానికి, వాంతులకు, చివరి గంటల్లో గొంతులో వచ్చే గురగురకు ఏ మందు ఎంత ఇవ్వాలో ముందే రాసి సంతకం పెట్టి వెళ్లాలి. అప్పటికీ తెగకపోతే ఫోనెత్తాలి.

టీమ్ మాట వినడం కూడా అందులో భాగమే. ఒక మీటింగ్‌లో ఒక పేషెంటు గురించి మా ఆయా అంది, "కొడుకు వెళ్లిపోయాకే ఆమెకు నొప్పి ఎక్కువవుతోంది సార్" అని. డాక్టరు గారు పెన్ను కింద పెట్టి ఆమెను మొత్తం చెప్పమన్నారు. ఆ రోజు మందు మారలేదు. సోషల్ వర్కర్ ఆ కొడుకుతో మాట్లాడింది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత సోషల్ వర్కర్, ఆ తర్వాతే డాక్టరు. ఒంటి నొప్పిని, మనసు నొప్పిని, ఇంటి బాధను విడదీసి చూడలేమని ఆమె చెప్పగలిగిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

అమెరికాలో ముఖ్యంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ నిబంధనల ప్రకారం హాస్పిస్ టీమ్‌లో డాక్టరు, నర్సు, సోషల్ వర్కర్ లేదా అలాంటి మరో నిపుణుడు, కౌన్సెలర్ ఉండి తీరాలి. కనీసం 15 రోజులకోసారి ప్రతి పేషెంటు సంరక్షణ ప్రణాళికను తిరిగి చూడాలి. మంచి నియమమే. కానీ ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లన్నది ఆ నిబంధనలూ తేల్చలేదు. మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పడానికి ఇద్దరు కావాలి. ఒకరు కన్నుమూస్తే ఆ కుటుంబం దగ్గర కనీసం గంటసేపైనా ఉండాలి. ఆ గంటలో మిగతా 13 మంది బెల్లు ఎవరు వింటారు? ఇళ్లకు వెళ్లి చూసే నర్సులకైతే దారిలో పోయే సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

డాక్టర్లు చాలరంటే అదీ నిజమే. ఉగాండాలో 2004 నుంచి ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ రాయగలుగుతున్నారు. ఆ దారి మిగతావాళ్లూ ఆలోచించాలి. అయితే నర్సుకు అధికారం ఇచ్చి డాక్టరు తప్పుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. హాస్పిస్ పెట్టేవాళ్లను, అనుమతులిచ్చేవాళ్లను నేను కోరేది ఒకటే: పేషెంట్లను స్వయంగా చూసే, మీటింగ్‌లో కూర్చునే డాక్టరు ఒకరు పూర్తి బాధ్యతతో ఉండాలి, ఆయన సెలవులో ఉన్నప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో నర్సుల గదిలో గోడ మీద రాసి ఉండాలి.

ఆ రాత్రి తర్వాత మా దగ్గర ఆ కాగితం అతికించారు. అంతకుముందు అక్కడ సందర్శకుల వేళల బోర్డు మాత్రమే ఉండేది.

ఇట్లు,
ఒక హాస్పిస్ నర్సు