మందు సంగతి తర్వాత, ముందు సెలైన్ స్టాండు పెట్టించండి

సంపాదకులకు,

గత వారం మీ జిల్లా ఎడిషన్‌లో 'ఎబోలాకు మందు లేదు, వస్తే చావే' అని ఇంతేసి అక్షరాలతో వేశారు. దాని కిందే 'సర్వం సిద్ధం' అంటూ అధికారుల ప్రకటన. మందే లేని రోగానికి సర్వం ఎలా సిద్ధమైందో ఆ వెంకన్నకే తెలియాలి.

మందులున్నాయండీ. 2018-19లో కాంగోలో నాలుగింటిని పోల్చి చూశారు. తర్వాత ఇన్మజెబ్, ఎబాంగా పేర్లతో వచ్చిన రెండు యాంటీబాడీ మందులు ఇచ్చినవాళ్లలో దాదాపు 34, 35 శాతం మంది పోతే, రెమ్‌డెసివిర్ ఇచ్చినవాళ్లలో 53 శాతం మంది పోయారు. అవును, 2021లో మనవాళ్లు నగలు కుదువ పెట్టి బ్లాక్‌లో కొన్న రెమ్‌డెసివిరే! ఆ రెండు యాంటీబాడీ మందులనూ 2022లో డబ్ల్యూహెచ్‌ఓ సిఫారసు చేసింది. కాకపోతే అవి ఎబోలాలో జైర్ అనే రకం వైరస్‌కే. సూడాన్ రకానికి మందులు ఇంకా ప్రయోగాల్లోనే ఉన్నాయి. 'మందు లేదు' అన్న ఆ మేరకే మీ హెడ్డింగు నిజం.

ముప్పై ఏళ్లు వార్డుల్లో పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నా. ఈ రోగంలో వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయి బీపీ పడిపోతుంది, పొటాషియం తగ్గి గుండె లయ తప్పుతుంది. సెలైన్ ఎక్కిస్తూ, లవణాలు చూసుకుంటూ, మలేరియా కూడా ఉంటే దానికీ మందిస్తూ మనిషిని నిలబెట్టాలి. 2014-15లో అమెరికా, యూరప్ ఆస్పత్రుల్లో చేరిన 27 మందిలో పోయింది అయిదుగురే. చాలామందికి ప్రయోగ దశలో ఉన్న మందులూ ఇచ్చారు, కాదనను. కానీ అక్కడ వార్డు నిండా నర్సులున్నారు. ఆ విడతలోనే, 2014-16 మధ్య పశ్చిమాఫ్రికాలో 28 వేల పైచిలుకు మందికి సోకితే 11 వేల మందికి పైగా పోయారు.

మరి మన సిద్ధం సంగతి? ఈ మధ్య మా బంధువును జిల్లాలోని ఒక ప్రభుత్వాస్పత్రిలో చేర్చాం. స్టాండు లేక సెలైన్ బాటిల్‌ను కిటికీ ఊచకు గాజుగుడ్డతో కట్టారు. పొటాషియం పరీక్షకు రక్తం సీసా మా చేతికిచ్చి బయట ల్యాబ్‌కు పొమ్మన్నారు. 'ఐసొలేషన్' బోర్డున్న గదికి తాళం. కిటికీలోంచి చూస్తే విరిగిన మంచాలు, పాత ఫ్లెక్సీలు. రుయా ప్రభుత్వాస్పత్రిలో 2021 మే 10 రాత్రి ఆక్సిజన్ అందక 11 మంది పోయిన ఊరు మనది. అయినా ఆక్సిజన్, సెలైన్ అంటే మనవాళ్లకు చిన్న విషయాలే.

మీ ఫొటోలో ఆరుగురు అధికారులు ఒక్క థర్మల్ స్కానర్ చుట్టూ నిలబడ్డారు. ఎబోలా సోకాక లక్షణాలు బయటపడటానికి 21 రోజుల దాకా పట్టొచ్చు. జ్వరమే రాని మనిషి ఆ స్కానర్‌కు ఎలా దొరుకుతాడు? యాత్రికులు వచ్చిపోయే ఊరని జనాన్ని భయపెట్టే బదులు, ఆ ఐసొలేషన్ గది తాళం ఎవరి దగ్గరుందో, రాత్రి డ్యూటీలో ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులో మీ విలేకరి వచ్చే ప్రెస్‌మీట్‌లో అడిగి రాయండి.

- ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, కొర్లగుంట, తిరుపతి